దిగేటప్పటి పాదం

కొలత ఇవ్వడానికి వచ్చినవాళ్ళు బల్ల మీద కూర్చోబోతే ఆయన ఊరుకునేవాడు కాదు. "నిలబడండి" అనేవాడు. మోకాళ్ళ నొప్పులన్న ముసలమ్మకైనా, తొందరలో ఉన్న పోలీసాయనకైనా అదే మాట. నేల మీద తెల్లకాగితం పరిచి, రెండు పాదాలూ సమంగా మోపించి, తను మోకాళ్ళ మీద వంగి, పెన్సిల్ని నిట్టనిలువుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీసేవాడు. కూర్చున్నవాడి పాదం వేరు, నిలబడ్డవాడి పాదం వేరు అని ఆయనకి పని నేర్పిన పెదనాన్న చెప్పాడు. బరువు పడితే తప్ప పాదం తన ఆకారం బయటపెట్టదు. ఈ ఒక్క సంగతిని పట్టుకుని ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు చెప్పులూ బూట్లూ కుట్టాడు. వీధిలో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. నిలబడండిగారు అంటారు.

దుకాణం ఒకటే గది. చేతులు రెండూ చాస్తే అటూ ఇటూ గోడలు తగులుతాయి. నేల సిమెంటు, నీళ్ళు పోస్తే ఎటూ పారకుండా నిలిచేంత చదును. వెనక గోడ మీద అరల్లో పాదాల ఆకారంలో చెక్కిన కొయ్య అచ్చులు, జతలు జతలుగా ఉన్నాయి. కొన్నింటికి బొటనవేలి పక్కన చిన్న తోలుముక్క అతికించి ఉంటుంది. అది ఎవరి కాలి మీదో ఉన్న కాయ. ఆ మనుషుల్లో సగంమంది ఇప్పుడు లేరు. కాయలు మాత్రం అరల్లో ఉన్నాయి.

పదేళ్ళుగా ఆ అచ్చులకి పని లేదు. జనం తయారైనవే కొనుక్కుని, తెగినప్పుడు ఆయన దగ్గరికి తెస్తున్నారు. తెగిన పట్టీలు, ఊడిన అట్టలు, ఒక పక్కకే అరిగిన మడమలు, పళ్ళు రాలిన జిప్పులు. జిప్పులు ఆయన భార్య చూస్తుంది, గదికి అడ్డంగా కట్టిన తెర వెనక కూర్చుని. ఆయన ఆరెతో తోలుకి కన్నం పొడిచి, దారం లాగి, ముడి వేసి, ఇచ్చేస్తాడు. బాగుచేసేవాడిగా ఆయనకి మంచి పేరే ఉంది. ఆ పేరు వింటే ఆయనకి ముఖం మాడిపోతుంది. కుట్టేవాణ్ణి బాగుచేసేవాడంటారేమిటని ఆయన బాధ.

అలాంటప్పుడు గైడమ్మాయి వచ్చింది. ఊరి అవతల అడవి, అడవి దాటాక గుట్ట, గుట్ట మీద పాడుబడ్డ కోట. దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళే గైడ్లు ఎనిమిదిమంది ఉన్నారు. వాళ్ళందరికీ బూట్లు కావాలి. ముందు తనకో జత కుట్టమంది. బాగుంటే మిగతా ఏడుగురూ వస్తారు. ఆయన ఆమెని నిలబెట్టి, గీత గీసి, అచ్చు చెక్కి, మూడు వారాల్లో ఇచ్చాడు. ఆ మూడు వారాలూ ఇంట్లో ఆయన ఈల వేశాడని భార్య అందరికీ చెప్పింది.

పదిహేను రోజులకి ఆమె తిరిగొచ్చింది. బూట్లు చేత్తో పట్టుకుని వచ్చింది.

"బాబాయ్, బూట్లు బాగున్నాయి. నా గోళ్ళే బాగాలేవు."

పాదం ముక్కాలిపీట మీద పెట్టింది. బొటనవేలి గోరు, పక్కవేలి గోరు, సిరా పులిమినట్టు నల్లబడి ఉన్నాయి. రెండో కాలూ అంతే.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. "ఇది బూటు చేసిన పని కాదు తల్లీ. రాయి తగిలుంటుంది."

"రెండు కాళ్ళకీ ఒకే చోటా? రాయికంత ముందుచూపుంటుందా?"

"అయితే నువ్వు నడిచే తీరులో ఏదో ఉంది. కాలు ఈడుస్తావేమో."

"పదహారేళ్ళుగా ఎక్కుతున్నా, దిగుతున్నా. ఇన్నేళ్ళూ ఈడ్చని కాలు మీ బూట్లలోనే ఈడ్చిందంటారా?"

ఆయన సొరుగులోంచి ఆమె పాదం గీసిన కాగితం తీసి నేల మీద పరిచాడు. దాని మీద బూటు పెట్టాడు. బూటు ముందు ఉంచాల్సిన ఖాళీ ఉంది, పక్కన ఉంచాల్సిన ఖాళీ ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు.

"చూశావా? కొలత కొలతలాగే ఉంది."

"కాగితం గుట్ట ఎక్కదు కదా బాబాయ్."

తెర వెనక నుంచి భార్య అంది, "ఆ మాటకొస్తే ఈయనా ఎక్కలేదు."

గైడమ్మాయి నవ్వింది కానీ వెంటనే ఆపేసింది. "మావాళ్ళు రెడీమేడ్‌వి తెప్పిద్దాం అంటున్నారు. బాబాయ్‌తో ఒకమాట చెప్పకుండా ఎలా అని నేనే ఆపాను. ఈ నెలాఖరుకి ఏదో ఒకటి చెప్పాలి."

ఆయన బూటు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, లోపల వేళ్ళు పెట్టి చూశాడు. కుట్టు ఎక్కడా గుచ్చుకోవడం లేదు. ఇది తప్పయితే, అరల్లో ఉన్న అచ్చులన్నీ తప్పే. ఇక మిగిలిన రోజులన్నీ పట్టీలు కుట్టుకుంటూ కూర్చోవాలి.

"రెండు వారాలాగు. ఇదే తోలుతో, ఇదే పద్ధతిలో, నా కాలికి ఒక జత కుట్టుకుంటా. నీతో కోటకి వస్తా. ఎక్కి, దిగి, నా గోళ్ళు నీకు చూపిస్తా."

"మీకు అరవై రెండేళ్ళు బాబాయ్."

"గోళ్ళకి వయసేమిటే?"

ఆయన తన కాలికి ఎప్పుడూ ఏదీ కుట్టుకోలేదు. బాగుచేయడానికి ఇచ్చి తీసుకెళ్ళనివాటిని ఆరు నెలలు అరలో ఉంచి, ఆ తర్వాత వేసుకునేవాడు. ఒకసారి లాయరు బూట్లు, ఒకసారి ఎవరో డాన్సరు చెప్పులు. "ఈయన కాళ్ళు చూసి మనిషిని పోల్చుకోలేం. నెలకో మనిషి వస్తుంటాడు ఇంటికి" అనేది భార్య. ఇప్పుడు తన పాదం తనే గీసుకోబోతే కుదరలేదు. వంగితే నిలబడ్డట్టు కాదు, నిలబడితే పెన్సిల్ అందదు. భార్యని పిలిచాడు. ఆవిడ కాగితం పరిచి, పెన్సిల్ పుచ్చుకుని, గొంతు సవరించుకుంది.

"నిలబడండి."

"నిలబడే ఉన్నాగా."

"అయినా అనాలిగా. ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి వింటున్నా. ఒక్కసారైనా అనొద్దా?"

రోజూ పొద్దున దుకాణం తలుపు తీసేముందు రెండు గంటలు కుట్టి, పన్నెండు రోజుల్లో పూర్తి చేశాడు. గోళ్ళు కత్తిరించుకున్నాడు. ఆదివారం ఉదయం గైడమ్మాయి పాదం గీసిన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గుట్ట మీద వాదన వస్తే చూపించడానికి. భార్య రొట్టెలు, ఉడికించిన గుడ్లు గుడ్డలో కట్టి, పైన జనపతాడు బిగించి ఇచ్చింది.

"ఓడిపోతే ఏం చేస్తారు?" అని అడిగింది.

"ఓడిపోను."

"అది కాదు నేనడిగింది."

ఆయన లేసులు బిగించి కట్టుకున్నాడు.

బస్సు చివరి స్టాపులో దిగేసరికి ఏడయింది. గైడమ్మాయి చేతికర్రతో, తన పాత బూట్లతో ఎదురుచూస్తోంది. ఇంకో చేతికర్ర ఆయనకి ఇవ్వబోయింది.

"కర్ర ఉంటే బరువు దాని మీద పడుతుంది. అప్పుడు బూటుకి పరీక్షేముంది?" అని వద్దన్నాడు.

"మరి మీకు పరీక్ష కాదా?"

"నా పరీక్ష నేను చూసుకుంటాలే."

అడవి మొదట్లో దారి వెడల్పుగా ఉంది. ఎత్తైన చెట్లు పైన కలిసిపోయి వెలుతురు నాణేల్లా కింద పడుతోంది. ఎండుటాకులు మడమ దాకా ఉన్నాయి. ఆయన చెట్లు చూడలేదు. బూట్లు చూసుకుంటూ నడిచాడు. గంట తర్వాత దారి సన్నబడి పైకి లేచింది. వేళ్ళు మెట్లలా అడ్డం వచ్చాయి. ఒక వాగు వచ్చింది. ఆమె రాళ్ళ మీద దాటింది. ఆయన కావాలని నీళ్ళలోంచే దాటాడు. అవతలి గట్టున కూర్చుని, బూటు విప్పి, మేజోడు పిండబోయాడు. పిండడానికి ఏమీ లేదు. పొడిగా ఉంది.

"చుక్క దిగలేదు" అన్నాడు.

"నీళ్ళ గురించి నేనేమీ అనలేదుగా."

"నేను అంటున్నా. అది కూడా లెక్కలోకి రావాలి."

పైకి వెళ్ళేకొద్దీ ఆయనకి ఊపిరి కష్టమైంది. ప్రతి మలుపు దగ్గరా ఆగాడు. ఆగిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పాడు, ఆయాసం కనబడకుండా. తోలుని ఎన్ని రోజులు నానబెట్టాలో, కుట్టుకి మైనం ఎందుకు రాయాలో. ఆమె అన్నీ వింది. ఒక మలుపు దగ్గర, "బాబాయ్, మీరు ఆగాలనుకుంటే ఊరికే ఆగండి. పాఠం చెప్పక్కర్లేదు" అంది. ఆ తర్వాత ఆయన ఊరికే ఆగాడు.

పదకొండు దాటాక చెట్లు అయిపోయాయి. కోట కనబడింది. కోటంటే ఒక గోడ, సగం ద్వారం, పైకప్పు లేని ఒక పెద్ద గది, ఆ గది మూల నుంచి ఎక్కడికీ వెళ్ళని రాతిమెట్లు. గోడల మీద నాచు, పగుళ్ళలో పిచ్చిమొక్కలు. ఎవరు కట్టారో, ఎవరు పడగొట్టారో గైడమ్మాయికి కంఠతా వచ్చు. చెప్పబోయింది.

"అది వచ్చేపోయేవాళ్ళకి చెప్పు. ముందు ఇది చూడు."

ద్వారం నీడలో కూర్చుని బూట్లు రెండూ విప్పాడు. మేజోళ్ళు లాగేశాడు. పది గోళ్ళూ శుభ్రంగా, తెల్లగా ఉన్నాయి. పిల్లాడు పలక చూపించినట్టు కాళ్ళు రెండూ ముందుకి చాపాడు.

"లెక్కపెట్టు."

"పదీ ఉన్నాయి బాబాయ్."

"నల్లబడ్డవి?"

"లేవు."

"మరి?"

ఆమె రొట్టె విరిచి ఆయనకి సగం ఇచ్చింది. "ఇంకా దిగలేదుగా" అంది.

ఆయన పెద్దగా నవ్వాడు. తిన్నాడు. ఎక్కడమే కష్టం, దిగడానికేముంది, గుట్టే దింపుతుంది అన్నాడు. మెట్లెక్కి, మెట్లు ఆగిపోయిన చోట నిలబడి ఊరు చూశాడు. తన వీధి ఎక్కడుందో పోల్చుకోలేకపోయాడు. పన్నెండున్నరకి దిగడం మొదలుపెట్టారు.

మొదటి పావుగంట ఏమీ లేదు. తర్వాత కుడి బొటనవేలు బూటు ముందుభాగానికి తగిలింది. తలుపు తట్టినట్టు, మెల్లగా. ఆయన పట్టించుకోలేదు. పది అడుగుల తర్వాత మళ్ళీ తట్టింది. తర్వాత ప్రతి అడుగుకీ. కొంతసేపటికి ఎడమకాలూ అందుకుంది. పాదం అడ్డంగా మోపి చూశాడు. వేళ్ళు ముడుచుకుని చూశాడు. ముడిస్తే పిక్కలు లాగాయి. వాలు ఎక్కువైన చోట తట్టడం పోయి గుద్దడం వచ్చింది.

గైడమ్మాయి ముందు నడుస్తోంది. వెనక్కి చూడటం లేదు.

"ఏంటి బాబాయ్, మాటలు తగ్గాయి?"

"ఊరికే ఉండమన్నది నువ్వేగా."

బూటు లోపల ఏం జరుగుతోందో బయటికి తెలియదు. ఆ సంగతి ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు. ఇంకో గంట పళ్ళు బిగబట్టి నడిస్తే చదునుదారి వస్తుంది. గోళ్ళు నల్లబడటానికి ఒకరోజు పడుతుంది. బస్సు దగ్గర మేజోళ్ళు విప్పి చూపిస్తే పదీ తెల్లగానే ఉంటాయి. ఆమె నమ్ముతుంది, నమ్మకపోయినా తెల్లటి గోళ్ళు చూశాక ఒప్పుకోక తప్పదు. ఏడుగురూ వస్తారు. ఏడుగురినీ నిలబెట్టి కొలుస్తాడు. ఏడు జతలు కుడతాడు. పద్నాలుగు కాళ్ళు ఈ దారినే దిగుతాయి.

ఇంకో ముప్పై అడుగులు వేశాడు. ఒక్కో అడుగూ వేరే మనిషి వేసినట్టుంది.

"అమ్మాయ్, ఆగు."

ఆమె ఆగింది. ఆయన దారి పక్క రాయి మీద కూర్చున్నాడు.

"నువ్వు కాలు ఈడ్చవు. నీ నడకలో ఏమీ లేదు. నేను కుట్టినదాంట్లోనే ఉంది."

ఆమె నీళ్ళ సీసా మూత తీసి అందించింది. ఆయన తాగలేదు.

"ఎక్కడుందో తెలియాలి" అన్నాడు.

"ముందు బూట్లు విప్పండి బాబాయ్. నా దగ్గర చెప్పులున్నాయి. పట్టకపోతే కట్టుకుందాం. మెల్లగా దిగుదాం."

"విప్పితే ఎలా తెలుస్తుంది?" అని లేచాడు. వాలుకి ఎదురుగా, కిందికి దిగేవాడిలా నిలబడ్డాడు. "నా మడమ వెనక వేలు పెట్టి చూడు. బూటు లోపలికి."

ఆమె వెనక మోకాళ్ళ మీద కూర్చుని వేలు పెట్టింది. "దూరింది."

"ఎంతవరకు?"

"మొదటి కణుపు దాకా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. దుకాణంలో అక్కడ కాగితం కూడా దూరలేదు. తనే చూశాడు. పాదం పొడవు పెరగలేదు. ముందుకి జారింది. చదును నేల మీద జారడానికి దానికి కారణం లేదు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆయన నిలబెట్టిన ప్రతి మనిషీ నీళ్ళు పారని సిమెంటు మీద నిలబడ్డాడు. వాళ్ళు నడిచిన దారుల గురించి ఆయన ఎవరినీ అడగలేదు.

జేబులోంచి కాగితం తీశాడు. వాదన కోసం తెచ్చింది. మడతలు విప్పి వెనకవైపు తిప్పాడు. దారి మధ్యలో ఏటవాలుగా ఉన్న బండ మీద పరిచాడు.

"నీ బూటు విప్పి దీని మీద నిలబడు. కిందికి చూస్తూ."

"ఇక్కడా?"

"ఇక్కడే. బరువంతా వదిలెయ్. దిగుతున్నాననుకో."

పాదం చుట్టూ గీశాడు. తర్వాత గుడ్డమూటకి కట్టిన జనపతాడు విప్పి పాదం మధ్య ఎత్తు మీదుగా చుట్టి బిగించాడు. కొంచెం బిగించి, ఇప్పుడు జారుతోందా అని అడిగాడు. జారుతోందంది. ఇంకాస్త బిగించాడు. ఇంకాస్త. ఒకచోట ఆమె, "ఇప్పుడు పట్టింది" అంది. తాడు మీద అక్కడ ముడి వేసి గుర్తు పెట్టుకున్నాడు. ఆయన కుట్టిన బూటుకి లేసులు ఆ ఎత్తుకంటే రెండు వేళ్ళ కిందే ఆగిపోయాయి. పాదాన్ని వెనక్కి పట్టి ఉంచాల్సిన చోట పట్టేది ఏమీ లేదు.

కొలత అయ్యాక అదే తాడుతో తన ఎడమ బూటు పై నుంచి, ఆ ఎత్తు దగ్గర, గట్టిగా కట్టుకున్నాడు.

"రెండోదానికి నా కర్రకున్న తాడు ఇస్తా" అంది ఆమె.

"వద్దు. దాన్ని అలాగే ఉండనీ."

"ఎందుకు?"

"రెండూ కడితే తేడా ఎలా తెలుస్తుంది? ఒకటి కట్టినట్టు, ఒకటి కట్టనట్టు. కింద దాకా అలాగే దిగుతా."

"బాబాయ్, ఆ కాలు మీదే కదా. ఎవరిదో అనుకుంటున్నారా?"

"పద."

దిగాడు. ఎడమ పాదం బూటులో కదలకుండా కూర్చుంది. తాడు తోలు మీద నొక్కుకుని కాస్త నొప్పి పెట్టింది. ఆ నొప్పి ఎంతో, ఏ చోటో గుర్తుపెట్టుకున్నాడు. అక్కడ మెత్తటి తోలు నాలుక వెయ్యాలి. కుడి పాదం ప్రతి అడుగుకీ గుద్దుకుంది. అది కూడా ఎక్కడో, ఎంతో చూసుకున్నాడు. వాగు దగ్గర ఆమె చెయ్యి పట్టుకుని రాళ్ళ మీద నుంచి దాటాడు. అడవి మొదటికి వచ్చేసరికి కుంటుతున్నాడు. కుంటుతూనే చెప్పుకుంటూ వచ్చాడు: లేసు కన్నాలు ఇంకో రెండు జతలు పైకి వెళ్ళాలి. మడమ కూర్చునే గిన్నె లోతు చెయ్యాలి. వేళ్ళ దగ్గర ఎత్తు పెంచాలి, పొడవు కాదు.

స్టాపులో బస్సు ఇంకా రాలేదు. బెంచీ మీద కూర్చుని కుడి బూటు విప్పాడు. మేజోడు ముందు భాగం ఎర్రగా తడిసి ఉంది. ఆమె చటుక్కున కిందికి వంగింది. ఆయన మేజోడు మళ్ళీ పైకి లాక్కున్నాడు.

"గోరే కదా. వస్తుంది."

"మిగతావాళ్ళకి ఏం చెప్పమంటారు బాబాయ్?"

"తప్పు కుట్టానని చెప్పు. మళ్ళీ కొలుస్తానని చెప్పు. ఈ రెండూ అదే వరుసలో చెప్పు."

"రెడీమేడ్‌వే కొందామంటే?"

"అంటే అననీ. నీ జత మాత్రం విప్పి మళ్ళీ కుడతా. అది అయ్యాక వాళ్ళు నీ కాళ్ళు చూసి చెబుతారు."

గోరు రాలి, కుంటు తగ్గడానికి వారం పట్టింది. ఆ వారంలో ఆమె జత పైభాగం మొత్తం విప్పి కొత్తగా కుట్టాడు. ఆమె వేసుకుని నాలుగుసార్లు కోటకి వెళ్ళొచ్చింది. నాలుగోసారి వెళ్ళొచ్చిన మర్నాడు దుకాణానికి వచ్చి కాలు ముక్కాలిపీట మీద పెట్టింది. పాత నలుపు గోరు మొదలు నుంచి కాస్త ముందుకి జరిగింది. దాని వెనక కొత్తగా నలుపు లేదు. తర్వాతి ఆదివారం ఏడుగురినీ ఎక్కడికి రమ్మంటారని అడిగింది. దుకాణానికా?

"దుకాణంలో ఏముంది? చదును" అన్నాడు ఆయన.

ఆ ఆదివారం ఆయన మళ్ళీ బస్సెక్కాడు. ఈసారి కర్ర తీసుకున్నాడు. వాగు దాటాక వాలు బాగా ఎక్కువైన చోట, బండ దగ్గర, ఏడుగురు గైడ్లు కాళ్ళకి ఏమీ లేకుండా వరసగా నిలబడి ఉన్నారు, బడిపిల్లల్లా ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ. మొదటివాడు అందరికంటే లావు. బండ మీద పరిచిన కాగితం మీదికి ఎక్కి, కింద వంగి కూర్చున్న ముసలాయన్ని చూసి భయపడ్డాడు.

"బాబాయ్, నేను జారితే మీ మీదే పడతాను. మీరు పక్కకి వచ్చి గీయండి."

"పక్క నుంచి గీత వంకరపోతుంది" అన్నాడు ఆయన, పెన్సిల్ని నిట్టనిలువుగా పట్టుకుని. "పడితే పడు. కాలు మాత్రం ఎత్తకు."